టవర్ మీంచి రాయి విసిరిన లెక్కలో రూట్ లోపల మైనస్ వస్తోంది, ఎక్కడ తప్పింది?

ఎంపీసీ_ఫస్టియర్:

ఇంటర్ మొదటి సంవత్సరం. సరళరేఖలో గమనం నుంచి రెండు లెక్కలు, గురుత్వాకర్షణ నుంచి ఒకటి ఆగిపోయాయి. జవాబులు పుస్తకం చివర ఉన్నాయి గానీ నాకు అవి రావట్లేదు. చేసినంతవరకూ కింద రాస్తున్నా. ఊరికే జవాబు వద్దు, ఎక్కడ దారి తప్పానో చెప్పండి.

ఒకటో లెక్క. 50 మీటర్ల టవర్ అంచు నుంచి ఒక రాయిని 15 మీ/సె వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. నేలను తాకడానికి ఎంతసేపు పడుతుంది? జి (గురుత్వ త్వరణం) = 10 తీసుకోమన్నారు. నేను ఎస్ = 50, యు (తొలివేగం) = 15, ఏ (త్వరణం) = −10 పెట్టి ఎస్ = యు·టి + ½·ఏ·టి² వాడాను. టి² − 3టి + 10 = 0 వచ్చింది. విచక్షణి 9 − 40 = −31. రూట్ లోపల మైనస్. పుస్తకంలో జవాబు 5 సెకన్లు.

రెండో లెక్క. 10 మీ/సె స్థిరవేగంతో పైకి పోతున్న బెలూన్ నుంచి, అది 75 మీటర్ల ఎత్తులో ఉండగా ఇసుక సంచి జారవిడిచారు. జారవిడిచారు అన్నారు కాబట్టి యు = 0 పెట్టాను. 75 = 5టి², టి = 3.87 సెకన్లు. పుస్తకంలో ఇక్కడ కూడా 5 సెకన్లే.

మూడోది. భూమి వ్యాసార్ధమంత ఎత్తులో జి విలువ ఎంత? జి(1 − 2హెచ్/ఆర్) సూత్రంలో హెచ్ = ఆర్ పెడితే −జి వస్తోంది. అంటే అక్కడ వదిలిన వస్తువు పైకి పడుతుందా?

మూలబిందువు:

ఒకటో లెక్క నేను చూస్తా. నీ బీజగణితంలో తప్పేమీ లేదు. ఎస్ దగ్గరే కథ అడ్డం తిరిగింది.

ఆ సూత్రంలో ఎస్ అంటే స్థానభ్రంశం. ఎక్కడ బయలుదేరింది, ఎక్కడ ఆగింది, ఆ తేడా, అది కూడా దిక్కుతో సహా. రాయి టవర్ అంచు దగ్గర బయలుదేరి అంతకంటే 50 మీటర్లు కిందకు చేరింది. నువ్వు యు = +15 అని రాయగానే పైదిక్కు ప్లస్ అని ఒప్పందం చేసుకున్నట్టే. ఆ ఒప్పందం ప్రకారం నేల −50 దగ్గరుంది.

కాబట్టి సూత్రం ముట్టుకోకముందే నిలువుగా ఒక గీత గియ్యి. టవర్ అంచు దగ్గర సున్నా పెట్టు, గీత పక్కన పైకి బాణం వేసి ప్లస్ రాయి, కింద నేల దగ్గర −50 రాయి. ఇప్పుడు మూడు విలువలూ గుర్తులతో పక్కన రాసుకో: యు = +15, ఏ = −10, ఎస్ = −50. ఆ తర్వాతే ప్రతిక్షేపించు.

−50 = 15టి − 5టి²
టి² − 3టి − 10 = 0
(టి − 5)(టి + 2) = 0

టి = 5 సెకన్లు. అయిపోయింది.

కానీ నీకు వచ్చిన ఆ −31 ని కొట్టేసి ముందుకు పోవద్దు, అది నీకు ఒక మాట చెబుతోంది. నువ్వు ఎస్ = +50 పెట్టినప్పుడు అడిగిన ప్రశ్న ఇదీ: రాయి టవర్ అంచుకంటే 50 మీటర్ల పైన ఎప్పుడు ఉంటుంది? అది ఎక్కగలిగిందే 15² ÷ 20 = 11.25 మీటర్లు. అంత పైకి ఎన్నడూ వెళ్లదు కాబట్టి వాస్తవ మూలం లేదు. ఎస్ = +10 పెట్టి చూడు: టి² − 3టి + 2 = 0, అంటే 1 సెకను, 2 సెకన్లు. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి.

అలాగే −2 ని కూడా ఊరికే పారెయ్యకు. టి = −2 దగ్గర వేగం 15 + 20 = 35 మీ/సె. విసరడానికి 2 సెకన్ల ముందు నేల మీంచి ఎవరైనా 35 మీ/సె తో విసిరి ఉంటే, సరిగ్గా టి = 0 కి అంచు దగ్గర 15 మీ/సె తో పైకి పోతూ ఉండేది. నేలను తాకేటప్పటి వేగం చూడు: 15 − 50 = −35. అదే 35, దిక్కు మారింది. లెక్క సరిగా చేశావా లేదా అని సరిచూసుకోవడానికి ఇది భలే పనికొస్తుంది.

ఇంకొకటి. చాలామంది రాయి కిందకు తిరిగాక ఏ = +10 అని మార్చేస్తారు. మార్చకూడదు. పైకి పోతున్నా, కొసన క్షణం ఆగినా, కిందకు వస్తున్నా త్వరణం −10 మీ/సె² యే. కొసన వేగం సున్నా, త్వరణం సున్నా కాదు. అక్కడ త్వరణం కూడా సున్నా అయితే రాయి అక్కడే వేలాడుతూ ఉండిపోవాలి.

గీత_గీసి_చూడు:

మూలబిందువు గారు చెప్పిందే నా ఓటు కూడా. కానీ ఒకేసారి −50 పెట్టడానికి భయమేసే పిల్లలు రెండు ముక్కలుగా చేస్తారు. అదీ తప్పేం కాదు, ఎక్కడ జారతారో తెలిసుంటే చాలు.

పైకి: 15 ÷ 10 = 1.5 సెకన్లు, ఎత్తు 11.25 మీటర్లు. ఆ కొస నుంచి నేలకు 50 + 11.25 = 61.25 మీటర్లు. అక్కడ వేగం సున్నా కాబట్టి టి² = 61.25 ÷ 5 = 12.25, టి = 3.5. మొత్తం 5. ఇక్కడ జారేది 61.25 బదులు 50 వెయ్యడం దగ్గర. అప్పుడు 3.16 వచ్చి మొత్తం 4.66 అవుతుంది. నీ జవాబు ఎప్పుడైనా 4.66 లాంటి అంకె చూపిస్తే పైన ఎక్కిన ముక్క మర్చిపోయావని వెంటనే అనుమానించు.

ఇంకో ముక్కల పద్ధతి ఉంది, నాకు ఇదే ఇష్టం. అంచు దాటి పైకి పోయిన రాయి 3 సెకన్లకు మళ్లీ అంచు ఎత్తుకే వస్తుంది, అదే 15 మీ/సె వేగంతో, కిందకు. అక్కడి నుంచి కిందిదిక్కు ప్లస్ అనుకుంటే 50 = 15టి + 5టి², అంటే టి² + 3టి − 10 = 0, టి = 2. మూడూ రెండూ ఐదు. పరీక్షలో ఒక పద్ధతిలో చేసి రెండోదానితో సరిచూసుకుంటే 30 సెకన్లు కూడా పట్టదు.

దిక్కు మధ్యలో మార్చుకోవచ్చా అని అడుగుతావేమో. ముక్క మారితే మార్చుకోవచ్చు, ఇప్పుడు నేను చేసింది అదే. ఒకే సమీకరణంలో యు కి ఒక దిక్కు, ఎస్ కి ఇంకో దిక్కు ప్లస్ అంటేనే రూట్ లోపల మైనస్ వచ్చేది.

ఇక బెలూన్. సంచిని చేతిలోంచి వదిలిన క్షణం ముందు అది బెలూన్‌తో పాటే 10 మీ/సె తో పైకి పోతోంది. వేళ్లు విప్పినంత మాత్రాన ఆ వేగం పోదు. నేల మీద నిలబడి చూసేవాడికి సంచి ముందు కాస్త పైకే పోతుంది. యు = +10, ఏ = −10, ఎస్ = −75 పెట్టి నువ్వే చేసి ఇక్కడ రాయి.

జారవిడిచారు, వదిలారు, పడింది అన్న మాటలు కనిపిస్తే యు = 0 అని చెయ్యి దానంతట అదే రాసేస్తుంది. ఆ మాట కాదు చూడాల్సింది. వదలకముందు ఆ వస్తువు దేనికి అంటిపెట్టుకుని ఉంది, అది కదులుతోందా? కదులుతుంటే దాని వేగమే యు. ఆగి ఉన్న లిఫ్టు, చెట్టు కొమ్మ, మేడ అంచు అయితే సున్నా.

ఎంపీసీ_ఫస్టియర్:

చాలా థాంక్స్ సార్, మేడమ్. బెలూన్ లెక్క: −75 = 10టి − 5టి², టి² − 2టి − 15 = 0, టి = 5 లేదా −3. 5 వచ్చింది!

నేలను తాకే వేగం కూడా అడిగారు. వి² = యు² + 2·ఏ·ఎస్ లో యు = 10, ఏ = 10, ఎస్ = 75 అన్నీ ప్లస్‌లోనే పెట్టేశా పొరపాటున. 100 + 1500 = 1600, వి = 40. పుస్తకంలో కూడా 40. గుర్తులు తప్పు పెట్టినా ఎలా సరిపోయింది?

ఇంకో సందేహం, సంచి బరువు ఎంతో ఇవ్వలేదు. 5 కిలోలైనా 20 కిలోలైనా 5 సెకన్లేనా?

మూలబిందువు:

మైనస్ 10 ని మైనస్ 75 తో గుణిస్తే ప్లస్సే. రెండు తప్పులు ఒకదాన్నొకటి చంపుకున్నాయి. యు కి వర్గం ఉంది కాబట్టి దాని గుర్తు ఎటూ కనిపించదు. అందుకే ఆ సూత్రం తప్పుల్ని కప్పిపెడుతుంది. దానితో జవాబు వచ్చిందని గుర్తులు సరిగా పెట్టానని నమ్మొద్దు, వి = యు + ఏ·టి తో సరిచూడు: 10 − 50 = −40. వర్గమూలం తీసేటప్పుడు +40, −40 రెండూ వస్తాయి, కిందకు పోతోంది కాబట్టి −40 ఎంచుకోవాలి. "వడి ఎంత" అంటే 40, "వేగం ఎంత" అంటే కిందిదిక్కుగా 40 అని రాయాలి. దిక్కు రాయకపోతే దిద్దేవాళ్లు మార్కు కోసే చోటు ఇదే.

ఇంకో సరదా. నువ్వు మొదట పెట్టిన యు = 0 పూర్తిగా పనికిరానిదేం కాదు. బెలూన్‌లో కూర్చున్నవాడికి సంచి తొలివేగం నిజంగానే సున్నా. కానీ అతని లెక్కలో నేల ఆగి ఉండదు, సెకనుకు 10 మీటర్ల చొప్పున కిందకు జరిగిపోతూ ఉంటుంది. కాబట్టి సంచి పడాల్సింది 75 కాదు, 75 + 10టి. 5టి² = 75 + 10టి. మళ్లీ అదే సమీకరణం. బెలూన్ అదే వేగంతో పోతుందనుకుంటే 5 సెకన్లకు అది 125 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ½ × 10 × 25 కూడా 125 యే. నువ్వు చేసిన తప్పల్లా బెలూన్‌లో కూర్చుని సంచిని, కిందికి దిగి నేలను చూడటం.

బరువు సంగతి లోలకం_గుండు చూస్తారేమో, మూడో లెక్క కూడా ఆయనకే వదిలేస్తున్నా.

లోలకం_గుండు:

బరువు ఇవ్వకపోవడం లోపం కాదు తమ్ముడూ. 20 కిలోల సంచి మీద భూమి లాగే బలం 4 రెట్లు ఎక్కువే, కానీ దాన్ని కదిలించడం కూడా 4 రెట్లు కష్టం. బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే జి ఒక్కటే మిగులుతుంది. ఈకకూ రాయికీ తేడా కనిపించేది గాలి వల్ల. 1971 ఆగస్టులో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ డేగ ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ కలిసే నేలకు చేరాయి, అక్కడ గాలి లేదు కాబట్టి. ఈ అధ్యాయంలో లెక్కలన్నీ గాలి నిరోధం లేదనుకునే చేస్తాం.

ఇప్పుడు మూడోది. ఎత్తుకు అసలు సూత్రం ఇది:

ఆ ఎత్తులో జి = జి × (ఆర్ ÷ (ఆర్ + హెచ్))²

నువ్వు వాడిన జి(1 − 2హెచ్/ఆర్) దీన్నుంచి ద్విపద విస్తరణతో తీసుకున్న ఉజ్జాయింపు. వ్యాసార్ధంతో పోలిస్తే ఎత్తు చాలా తక్కువైనప్పుడే అది చెల్లుతుంది. ఎంత తక్కువ అన్నది అంకెలతో చూడు, ఆర్ = 6400 కిలోమీటర్లు తీసుకుని. 64 కిలోమీటర్ల ఎత్తులో ఉజ్జాయింపు 0.98 జి, అసలుది 0.9803 జి. తేడా లేనట్టే. 640 కిలోమీటర్లకు పోతే ఉజ్జాయింపు 0.80, అసలుది 0.826. ఇక్కడే జారడం మొదలైంది. 3200 దగ్గర ఉజ్జాయింపు సున్నా చూపిస్తుంది, అసలు విలువ 0.44 జి. 6400 దగ్గర నీకు కనిపించినట్టు −జి. వస్తువు పైకి పడదు, సూత్రం దాని హద్దు దాటిపోయింది, అంతే.

నీ జవాబు: (1 ÷ 2)² = ¼, కాబట్టి 9.8 ÷ 4 = 2.45 మీ/సె².

నేను పాటించే లెక్క: హెచ్ అనేది ఆర్ లో ఇరవయ్యో వంతు దాటితే, అంటే 320 కిలోమీటర్లు దాటితే, ఉజ్జాయింపు జోలికి పోను. ప్రశ్నలోనే ఎత్తును ఆర్, ఆర్/2, 2ఆర్ అని ఇచ్చారంటే అసలు సూత్రం వాడమనే అర్థం.

దీనికి అక్కచెల్లెలు లాంటి సూత్రం ఇంకోటుంది, లోతుకు: జి(1 − డి/ఆర్). ఇందులో 2 లేదు. పైగా భూమి అంతటా ఒకే సాంద్రత అనుకుంటే ఇది ఉజ్జాయింపు కాదు, కేంద్రం దాకా కచ్చితమే, డి = ఆర్ దగ్గర సున్నా ఇస్తుంది. పరీక్షలో ఈ రెండిట్లో ఏదానికి 2 ఉందో తారుమారు చేసుకోవడం మామూలే. మేడ ఎక్కితే రెండింతలు తగ్గుతుంది, బావిలో దిగితే అందులో సగమే తగ్గుతుంది అని గుర్తుపెట్టుకో. చిన్న ఎత్తులకు హెచ్ ఎత్తులో ఎంత జి ఉంటుందో 2హెచ్ లోతులో అంతే ఉంటుంది, దీన్ని కూడా బిట్లలో అడుగుతుంటారు.

ఎత్తు పెరిగితే జి సున్నా అయిపోతుందని, అందుకే అంతరిక్ష కేంద్రంలో తేలుతారని కూడా చాలామంది రాస్తారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. 9.8 × (6400 ÷ 6800)² వేసి చూడు, 8.7 మీ/సె² ఉంటుంది. కేంద్రమూ మనుషులూ కలిసి అదే త్వరణంతో పడుతూనే ఉన్నారు, సెకనుకు 7.7 కిలోమీటర్ల చొప్పున పక్కకు పోతున్నారు కాబట్టి నేల అందదు.

వెనక_బెంచీ:

దారి మళ్లిస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ జి సమస్యే. లఘులోలకం ప్రయోగం. పొడవు 100 సెంటీమీటర్లు, 20 డోలనాలకు 38.1 సెకన్లు. ఆవర్తన కాలం 1.905. జి = 4π²ఎల్ ÷ టి² వేస్తే 10.9 వస్తోంది. మూడుసార్లు చేశా, 38.0, 38.1, 38.2. అన్నీ ఇంత దగ్గరగా ఉన్నాయంటే స్టాప్‌వాచ్ పొరపాటు కాదనుకుంటా. దారం సాగుతోందా?

లోలకం_గుండు:

దారం సాగితే పొడవు పెరిగి కాలం ఎక్కువ రావాలి, నీకు తక్కువ వచ్చింది. కాబట్టి అది కాదు.

38.1 ని 19 తో భాగించు. 2.005. దానితో జి = 39.48 ÷ 4.02 = 9.82. నువ్వు గుండును వదిలి వాచీ నొక్కేటప్పుడు "ఒకటి" అని లెక్క మొదలుపెట్టావు. అక్కడ "సున్నా" అనాలి. గుండు అదే చోటికి, అదే దిక్కుగా తిరిగి వచ్చినప్పుడు ఒకటి. నువ్వు ఇరవై అనుకున్నది నిజానికి పందొమ్మిది. మూడుసార్లూ అదే పొరపాటు చేశావు కాబట్టే మూడూ అంత దగ్గరగా వచ్చాయి. రీడింగులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే సరైనవని కాదు.

మళ్లీ చేసేటప్పుడు ఇంకో మూడు సంగతులు చూసుకో. పొడవు కొక్కెం దగ్గర కాదు, దారం ఊగడం మొదలయ్యే చోటు నుంచి, అంటే దారాన్ని బిగించి పట్టుకునే చీలిన బెండు అడుగు అంచు నుంచి, గుండు మధ్యదాకా కొలవాలి. 2 సెంటీమీటర్ల గుండు పైఅంచుదాకానే కొలిస్తే 1 సెంటీమీటరు తక్కువ, జి లో ఒక శాతం, అంటే 0.1 పోయినట్టే. రెండోది, గుండును పక్కకు లాగేది దారం 5, 6 డిగ్రీలు వాలేంత చాలు, మీటరు దారానికి సుమారు 10 సెంటీమీటర్లు. మూడోది, వదిలిన చోట కాకుండా మధ్యలో, గుండు బాగా వేగంగా పోయే చోట వాచీ నొక్కు. కొసన గుండు దాదాపు ఆగి ఉంటుంది, ఏ క్షణాన తిరిగిందో కంటికి ఆనదు. గుండు వెనక గోడ మీద సుద్దతో నిలువు గీత పెట్టుకుంటే సులువు.

హైదరాబాద్‌లో జి సుమారు 9.78. భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83 ఉంటుంది, మనం భూమధ్యరేఖకు దగ్గరే. 9.7 నుంచి 9.9 లోపు వస్తే రికార్డులో నిశ్చింతగా రాసుకో, 9.8 వచ్చేదాకా అంకెలు వంచొద్దు.

ఎంపీసీ_ఫస్టియర్:

మూడోది కూడా అర్థమైంది సార్. అదే ఊపులో ఇంకోటి చేశా, భూమి ద్రవ్యరాశి నుంచి జి కట్టడం. పెద్ద జి (గురుత్వ స్థిరాంకం) = 6.67 × 10⁻¹¹, ద్రవ్యరాశి 6 × 10²⁴, ఆర్ = 6400. జవాబు 9.77 × 10⁶ మీ/సె వచ్చింది. అంకె సరిపోయింది గానీ ఆ 10⁶ ఎక్కడిది?

గీత_గీసి_చూడు:

ఆర్ ని కిలోమీటర్లలోనే వదిలేశావు నాన్నా. 6.4 × 10⁶ మీటర్లు వేస్తే వర్గం 4.096 × 10¹³, పైన 4.002 × 10¹⁴, భాగిస్తే 9.77. కిలోమీటరులో 10³ ఉంది, వర్గం చేస్తే 10⁶ అయింది, నీకు అదనంగా వచ్చింది అదే. ఇక యూనిట్ మీ/సె కాదు, మీ/సె². ఆ పైన చిన్న 2 మర్చిపోయావు.